మాసాహెబా తెచ్చిన గడువు

హైదరాబాదులో కాపురం ఉన్నవాళ్ళకి ఒక ధర్మం ఉంది. ఊరినించి చుట్టాలొస్తే చార్మినారు చూపించాలి. సాలార్‌జంగు మ్యూజియంలో గడియారం గంట కొట్టేదాకా నిలబెట్టాలి. గోలకొండ ఎక్కించి, దిగేటప్పుడు మోకాళ్ళు పట్టుకునేట్టు చెయ్యాలి. అప్పటికీ చుట్టాలు కదిలే సూచనలు కనబడకపోతే అప్పుడు జ్ఞాపకం వస్తాయి కుతుబ్‌షాహీ గోరీలు. "ఆదివారం పూటా గోరీలేమిటండీ!" అని చుట్టాలే వద్దంటారు. అంచేత కోట చూసినవాళ్ళు కోకొల్లలు గాని, కోటకి మైలు దూరంలో ఉన్న ఆ గోరీల తోటలో అడుగుపెట్టినవాళ్ళు తక్కువ.

మేము అడుగుపెట్టాం. అడుగుపెట్టడమే కాదు, ఏడాదిగా తెగని మా ఇంటి వ్యవహారం ఒకటి ఆ గోరీల మధ్యనే తెగింది. ఆ సంగతే చెప్పబోతున్నాను.

మాది నెల్లూరు జిల్లా. మైపాడు దారిలో, సముద్రానికి రెండు మైళ్ళ ఇవతల ఒక పల్లె. రాత్రిళ్ళు గాలి తిరిగిందంటే హోరు మంచం మీదికే వినబడుతుంది. అక్కడ మా అమ్మ నాకిచ్చిన ఇల్లు ఒకటి ఉంది. మా తాతగారు కట్టించింది. వీధివైపు రెండు అరుగులు, లోపల నాలుగు గదులు, పైన మిద్దె, పెరట్లో బావి. గోడలకి గుల్లసున్నం పూత. పులికాటు వైపునించి గుల్ల తెప్పించి, కాల్చి, గానుగ ఆడించి, బెల్లపు నీళ్ళూ కరక్కాయ నీళ్ళూ పోసి మాగవేసి ఆ పూత పూశారని అమ్మ కథలా చెప్పేది. చిన్నప్పుడు రోహిణీ కార్తెలో కూడా ఆ గోడకి చెంప ఆనిస్తే చల్లగా, అద్దంలా నున్నగా తగిలేది.

ఇప్పుడా నునుపు లేదు. గోడలు ఉప్పు పట్టాయి. నేను పురుటి సాయానికని మా అమ్మాయి దగ్గిరికి వెళ్ళి మూడు నెలలుండి వచ్చేసరికి, మా వారు ముచ్చటపడి గోడల కింది భాగమంతా సిమెంటు పూయించి ఉంచారు. రెండు వానాకాలాలు తిరిగేసరికి ఆ సిమెంటు పెచ్చులు పెచ్చులుగా ఊడటం మొదలుపెట్టింది. ఊడేది ఊరికే ఊడదు గదా, ఇటుకని కూడా కొరుక్కుని మరీ ఊడుతుంది.

మా అబ్బాయి హైదరాబాదులో ఉద్యోగం. షేక్‌పేటలో అద్దె ఇల్లు. మణికొండలో తొమ్మిదో అంతస్తులో ఒక ఫ్లాటు చూసి బయానా ఇచ్చాడు. బ్యాంకు వాళ్ళు కొంత ఇస్తారు, తన దగ్గిర కొంత ఉంది, ఇంకా కొంత లోటు. ఆ లోటు పూడాలంటే మా అమ్మ ఇల్లు అమ్మాలి. "కూలిపోయే ఇల్లు గదమ్మా! ఇప్పుడైతే బీచి దారి అని నాలుగు డబ్బులు వస్తాయి. మీరిద్దరూ ఇక్కడికే వచ్చెయ్యండి" అని వాడి వాదం. వాడి వాదంలో తప్పుపట్టవలసింది ఏమీ లేదు. అదే నాకు కష్టంగా ఉంది. తప్పున్న మాటకి జవాబు చెప్పటం తేలిక. న్యాయమైన మాటకి ఏం చెబుతాం?

మొన్న చలికాలంలో సింహపురి ఎక్స్‌ప్రెస్ ఎక్కి వచ్చాం, ఆ ఫ్లాటు చూసి ఏదో ఒకటి తేల్చుకుందామని. ఫ్లాటు బాగుంది. బాల్కనీలో నిలబెట్టి అబ్బాయి చెయ్యి చాపి చూపించాడు. దూరంగా చెట్ల మధ్యనించి బూడిదరంగు గుమ్మటాలు లేచి ఉన్నాయి.

"అవి కనబడుతున్నాయనే ఈ వైపు ఫ్లాట్లకి కాస్త ధర ఎక్కువ నాన్నా" అన్నాడు.

"అంటే రోజూ పొద్దున్నే గోరీలు చూస్తూ కాఫీ తాగటానికి పైకం ఎక్కువ కట్టాలన్నమాట!" అన్నారు మా వారు. జిల్లా పరిషత్తు హైస్కూల్లో ముప్ఫై ఏళ్ళు తెలుగు పండితులుగా చేసి రిటైరైన మనిషి. పాఠం చెప్పందే ఉండలేరు. "అంత ధర పెట్టి దూరంనించి చూసేకంటే టిక్కెట్టు కొనుక్కుని దగ్గిరికెళ్ళి చూస్తే పోలేదూ!" అని బయలుదేరదీశారు.

★

నూటఆరు ఎకరాల తోట అది. లోపలికి వెళ్ళేదాకా నేను నాలుగు సమాధులు ఊహించుకున్నాను గాని అంత ప్రపంచం ఉంటుందనుకోలేదు. గోరీలు, మసీదులు, బావులు, స్నానశాల, అన్నీ కలిపి వందకి పైనే. గోలకొండని 1518 నించి 1687 దాకా ఏలిన కుతుబ్‌షాహీ వంశం పాదుషాలు ఎనిమిదిమంది. ఒక రాజవంశం వాళ్ళు ఇంతమంది ఒకేచోట, తండ్రీ కొడుకూ మనవడూ వరసగా, ఒక ఇంట్లో పడుకున్నట్టు పడుకుని ఉండటం అరుదు.

గోరీలన్నిటికీ పోలిక ఒకటే. చదరపు అరుగు, దాని మీద కమానుల వరండా, ఆ పైన ఉల్లిగడ్డ ఆకారంలో గుమ్మటం. గుమ్మటం మెడ దగ్గిర తామర రేకులు చెక్కారు. ఆ రేకుల్లోంచి మొగ్గ పైకి వచ్చినట్టుంటుంది గుమ్మటం. లోపల నల్లరాతి సమాధి, దాని మీద అందమైన అరబ్బీ రాత. మనకి కనబడేది గుర్తు మాత్రమే; అసలు సమాధి కింద నేలమాళిగలో ఉంటుంది.

"ఇందులో విశేషం తెలుసా?" అన్నారు మా వారు, కోడలినీ మనవరాలినీ ముందు నిలబెట్టుకుని. "ఈ పాదుషాలు చాలామంది తమ గోరీలు తాము బతికుండగానే కట్టించుకున్నారు. మొదటివాడు సుల్తాన్ కులీ అయితే తన గోరీతో పాటు, పోయాక తన శవానికి స్నానం చేయించే గది కూడా ముందే కట్టించుకున్నాడు."

"ఎందుకు తాతయ్యా?" అంది మనవరాలు. దానికి ఎనిమిదేళ్ళు.

"కొడుకుల మీద నమ్మకం లేకనమ్మా!"

నేను కళ్ళతోనే గద్దించాను. ఆయన చూడలేదు. అబ్బాయి మాత్రం విన్నాడు. విని, ఫోను చూసుకుంటున్నట్టు నాలుగడుగులు పక్కకి నడిచాడు.

పాఠం చెప్పేవాళ్ళకి ఎదుటివాళ్ళ మొహాలు కనబడవు. మా వారు చెబుతూనే ఉన్నారు. చెప్పింది అబద్ధమూ కాదు. సుల్తాన్ కులీ తొంభై ఏళ్ళకి చేరువై కూడా సింహాసనం వదలలేదు. 1543లో నమాజు చేసుకుంటున్న మనిషిని చంపించారు. చంపించినవాడు సొంత కొడుకు జంషీదు. ఆ జంషీదు ఏడేళ్ళు ఏలి జబ్బుచేసి పోయాడు. వాడి గోరీ కూడా అక్కడే ఉంది, తండ్రి గోరీకి దగ్గిరలోనే, ఎనిమిది పలకలుగా, రెండంతస్తులుగా. చచ్చిన తండ్రీ చంపించిన కొడుకూ నాలుగున్నర శతాబ్దాలకి పైగా ఇరుగుపొరుగుగా ఉంటున్నారు. బతికుండగా కుదరని సర్దుబాటు మట్టి కుదిర్చింది.

జంషీదుకి భయపడి పారిపోయిన తమ్ముడు ఇబ్రహీం. అతను విజయనగరంలో అళియ రామరాయల నీడన ఏడేళ్ళున్నాడు. అన్న పోయాక 1550లో తిరిగివచ్చి గద్దె ఎక్కాడు. తెలుగు కవులు మల్కిభరాముడు అని పిలుచుకున్నది ఇతన్నే. అద్దంకి గంగాధరకవి 'తపతీ సంవరణోపాఖ్యానం' అంకితమిచ్చింది ఇతనికే. అతని గోరీ దగ్గిర మా వారు చెప్పులు విడిచి, ఒక నిమిషం మాట్లాడకుండా నిలబడ్డారు. ఆయన మాట్లాడకుండా ఉన్నారంటే అది పెద్ద గౌరవం. ఆ గోడ మీద ఇంకా అక్కడక్కడా నీలం, ఆకుపచ్చ మెరుగు పలకల ముక్కలు మిగిలి ఉన్నాయి. ఒకప్పుడు గోడంతా అలా మెరిసేది కాబోలు!

"మరి అంత నీడనిచ్చిన రామరాయల మీదికే 1565లో తక్కిన సుల్తానులతో కలిసి వెళ్ళాడు గదండీ" అన్నాను.

"వెళ్ళాడు" అన్నారు మా వారు. "రాజుల ఇళ్ళల్లో ఇంతే. అన్నం పెట్టిన చెయ్యి వేరు, ఎక్కవలసిన గద్దె వేరు."

అబ్బాయి ఈసారి మరో నాలుగడుగులు ముందుకి నడిచాడు.

★

మహమ్మద్ కులీ గోరీ వెనక వైపున ఒక మేస్త్రి అరుగు అంచుకి పూత సరిచేస్తున్నాడు. పెద్దవాడు. పక్కనే తొట్టిలో నానిన సున్నం. నాకు ఆ వాసన తెలుసు. అరవై ఏళ్ళ కిందటి వాసన. తెలియకుండానే అక్కడ ఆగిపోయాను.

"ఇది సున్నమేనా నాయనా, సిమెంటు కలపలేదా?" అన్నాను.

అతను తలెత్తి చూశాడు. అడిగేవాళ్ళు లేక మాటలు మాగబెట్టుకున్నట్టున్నాడు, కరణి కింద పెట్టి మరీ చెప్పాడు.

"సిమెంట్ ముట్టద్దమ్మా దీనికి. ఎనుకట ఎవరో మరమ్మతని చెప్పి సిమెంట్ ఏసిన్రు. అదంత గీకి తీసేసినంక మళ్ళ సున్నం పెట్టినం. గోడ భూమికెల్లి తడి గుంజుతది. సున్నమైతే ఆ తడిని బయటికి పోనిస్తది. సిమెంట్ ఏస్తే గోడకి ముక్కు మూసినట్టే. తడి లోపల్నే ఉంటది, ఉప్పు లోపల్నే గట్టిపడతది, ఇటికెను పగలగొడ్తది."

నేను మా వారి వైపు చూశాను. ఆయన గుమ్మటం వైపు చూస్తున్నారు.

"మరి సున్నం ఎన్నాళ్ళుంటుంది?" అని అబ్బాయి అడిగాడు. వాడు ఎప్పుడు వచ్చి వెనక నిలబడ్డాడో నేను చూడలేదు.

"సున్నం పోతది సారూ. పోయేటందుకే ఉన్నది అది. ఎండా వానా అది తింటది, గోడను తిననియ్యది. కొన్నేండ్లకి మళ్ళ పూయాలె. పూత పోతది, గోడ ఉంటది."

ఆ తోటలో ఈ పని 2013లో మొదలై 2024 దాకా సాగింది. తెలంగాణ వారసత్వ శాఖతో కలిసి ఆగాఖాన్ ట్రస్టు వాళ్ళు చేయించారు. పాత సిమెంటు గీకించి సున్నం పూయించారు. అక్కడి బడీ బావ్లీ అనే మెట్లబావి 2013 వానల్లో ఒక పక్క కూలిపోతే, పడిన రాళ్ళు పైకి తీయించి మళ్ళీ పేర్పించారు. ఆ గోలకొండ మెట్లబావులకి 2022లో యునెస్కో వాళ్ళ బహుమతి వచ్చింది. మేము చూసినప్పుడు నిండుగా నీళ్ళున్నాయి. మనవరాలు ఆ మెట్లమీద కూచుని, "నాయనమ్మా, మనూరి బావికి కూడా ప్రైజు ఇస్తారా?" అంది.

ఎవరూ జవాబు చెప్పలేదు. మా ఊరి బావి సంగతే గదా మేమంతా మాట్లాడకుండా మోసుకు తిరుగుతున్నది!

★

గోరీల్లో అన్నిటికంటే ఎత్తయినది హైదరాబాదు నగరం కట్టించిన మహమ్మద్ కులీది. సుమారు నలభైరెండు మీటర్లు. అది చూసి తల వెనక్కి వాల్చి అందరూ మెడలు నొప్పిపెట్టుకుంటారు. నాకు మాత్రం కాళ్ళు ఆగిపోయినది అతని కూతురి గోరీ దగ్గిర. ఆవిడ పేరు హయాత్ బక్షీ బేగం. విజయవాడ వైపునించి బస్సులో వచ్చేవాళ్ళకి ఊరు ఇంకా రాకముందే కనబడే హయత్‌నగర్ ఆవిడ పేరునే వెలిసింది. జనం ఆవిణ్ణి మాసాహెబా అనేవారట. మన మాటల్లో చెప్పాలంటే అమ్మగారు.

పాదుషాకి కొడుకుల్లేరు, ఈ కూతురే. ఈవిణ్ణి అన్నకొడుకో తమ్ముడికొడుకో మన వరసలు మనకెందుగ్గాని, ఆ ఇంటి పిల్లవాడికే ఇచ్చి పెళ్ళిచేసి, అల్లుణ్ణి గద్దె మీద కూచోపెట్టారు. ఆ భర్త 1626లో పోయాడు. అప్పటికి కొడుకు అబ్దుల్లా పన్నెండేళ్ళవాడు. పేరుకి వాడు పాదుషా. వెనక ఉండి నడిపింది తల్లి. ఒక పాదుషాకి కూతురు, ఒక పాదుషాకి భార్య, ఒక పాదుషాకి తల్లి. రాజుల గోరీలకి తీసిపోని గోరీ ఆవిడది. పక్కనే ఆ తోటలోకల్లా పెద్ద మసీదు.

అయితే ఆవిడ గొప్పతనం ఈ కట్టడాల్లో లేదు. 1656లో ఉంది. ఆ కథ చెబుతూ మా వారు కూడా గొంతు తగ్గించారు.

అబ్దుల్లా దగ్గిర మీర్‌జుమ్లా అని ఒక మంత్రి. మహా సమర్థుడు. మన నెల్లూరు సీమ మీదుగా దిగి గండికోట దాకా గెలుచుకున్నవాడు అతనే. గెలిచినకొద్దీ పాదుషాకి అతనంటే భయం పుట్టింది, అతనికి పాదుషా అంటే లెక్క తగ్గింది. ఇంతలో అతని కొడుకు ఒకడు తాగివచ్చి, దర్బారులో పాదుషా కూర్చునే చోటే పడి నిద్రపోయాడంటారు. పాదుషా వాణ్ణి ఖైదులో వేయించాడు. అప్పుడు దక్కనులో మొగలాయి సుబేదారుగా ఉన్న ఔరంగజేబుకి కావలసింది అదే. ఆ వంకతో సైన్యాన్ని నడిపించాడు. హైదరాబాదు కొల్లగొట్టారు. పాదుషా రాత్రికి రాత్రి గోలకొండ కోటలోకి పారిపోయి తలుపులు వేసుకున్నాడు. కోట చుట్టూ ముట్టడి.

ఒక ఇంటి పిల్లవాడు తాగి పడుకున్నందుకు ఒక రాజ్యం తలుపులు మూసుకుని వణుకుతోంది. అప్పుడు కదిలింది మాసాహెబా. మనవరాళ్ళ పెళ్ళిళ్ళు చెయ్యవలసిన వయసు. పరదా దాటి ఎరగని మనిషి. కోట దిగి శత్రువు శిబిరానికి వెళ్ళింది. ఔరంగజేబు ముందు కొడుకు తరఫున వేడుకుంది. అక్కడ ఢిల్లీనించి షాజహాను హుకుం కూడా వచ్చింది. రెండూ కలిసి ముట్టడి లేచిపోయింది. ఊరికే లేవలేదు సుమండీ. కోటిరూపాయలు జరిమానా ఒప్పుకున్నారు. రామగిరి సీమ వదులుకున్నారు. ఆవిడ మనవరాల్ని ఔరంగజేబు పెద్దకొడుక్కి ఇచ్చి పెళ్ళిచేశారు.

"అంత ఇచ్చి ఏం మిగిలింది అత్తయ్యా?" అంది కోడలు. అది మాట్లాడటం తక్కువ. మాట్లాడితే సూటిగా ఉంటుంది. "చివరికి 1687లో ఆ ఔరంగజేబే వచ్చి మొత్తం తీసుకున్నాడు గదా! అదేదో అప్పుడే పోతే కోటిరూపాయలూ మిగిలేవి."

నేను వేళ్ళు మడిచి లెక్కపెట్టాను. 1656 నించి 1687. ముప్ఫైఒక్క ఏళ్ళు.

ఆ ముప్ఫైఒక్క ఏళ్ళలో ఏం జరిగిందో చూడండి. అబ్దుల్లా ఇంకా పదహారేళ్ళు గద్దె మీదే ఉండి, తన గోరీ తాను చూసుకుని, 1672లో పోయి, ఈ తోటలోనే తల్లికి దగ్గిరగా పడుకున్నాడు. తల్లి అప్పటికి అయిదేళ్ళ ముందే, 1667లో పోయింది. కొడుకు గద్దె మీద ఉండగా పోవటం ఏ తల్లికైనా పుణ్యమే. అబ్దుల్లాకి మగపిల్లలు లేరు. చిన్నల్లుడు పాదుషా అయ్యాడు. ఆ చిన్నల్లుడెవరో మీకు చెప్పనక్కర్లేదు. తానీషా.

తానీషా లేకపోతే మనం చెప్పుకునే రామదాసు కథ లేదు. భద్రాచలంలో గోపన్న కట్టించిన గుడి, ఆయన పడిన చెర, పాదుషా పంపిన ముత్యాల తలంబ్రాలు, ఇవన్నీ ఆ ముప్ఫైఒక్క ఏళ్ళ గడువులోవే. ఈనాటికీ శ్రీరామనవమికి ప్రభుత్వం తరఫున భద్రాద్రికి ముత్యాలు వెళుతున్నాయి. ఆ ముత్యాల వెనక, గుడారంలో తలవంచుకుని నిలబడ్డ ఒక ముసలితల్లి ఉందని ఎవరికి తోస్తుంది?

ఎనిమిదిమంది పాదుషాల్లో ఈ తోటలో చోటు దక్కనివాడు తానీషా ఒక్కడే. ఎనిమిది నెలల ముట్టడి తరవాత లోపలివాడే ఎవడో తలుపు తీస్తే కోట పడింది. అతన్ని దౌలతాబాదు కోటకి తీసుకుపోయి బంధించారు. అక్కడే పోయాడు. ఆ దగ్గిరలో ఖుల్దాబాదులో ఉంది అతని సమాధి. ఇక్కడ ఇంత గుమ్మటాల కింద పడుకున్నవాళ్ళ పేర్లు మా వారు చెబితేగాని నాకు తెలియలేదు. గుమ్మటం లేనివాడి పేరు మా పల్లెలో చదువురాని ముసలమ్మకి కూడా తెలుసు. ఆమాటకొస్తే ఎవరి గోరీ వాళ్ళు కట్టుకోగలరు గాని, ఎవరి పేరు వాళ్ళు నిలబెట్టుకోలేరు.

★

మసీదు ముందు అరుగు మీద కూలబడ్డాం. ఎండ వాలుతోంది. మా వారు మనవరాల్ని తీసుకుని తారామతి, ప్రేమామతి గోరీలు చూపిస్తానని వెళ్ళారు. ఆస్థాన నర్తకీమణులు కాబట్టి అక్కడ కాస్త ఆలస్యం అవుతుందని నాకు తెలుసు. కోడలు నీళ్ళసీసా నాకు అందించి, వాళ్ళ వెనకే వెళ్ళింది. కావాలనే వెళ్ళిందని ఇప్పటికీ అనుకుంటాను. మంచి పిల్ల.

"అమ్మా, నాన్న అన్నమాట నన్ను ఉద్దేశించేనా?" అన్నాడు అబ్బాయి.

"ఏ మాట?"

"కొడుకుల మీద నమ్మకం లేక అని."

"ఆయన సుల్తాన్ కులీని గురించి చెప్పారు నాయనా. నువ్వు జంషీదువి కావు" అన్నాను. వాడు నవ్వలేదు. కళ్ళకింద నల్లగా ఉంది. నెలనెలా కట్టవలసినవీ, పిల్ల బడీ, అద్దే, అన్నీ వాడి మొహం మీద లెక్కరాసినట్టే ఉన్నాయి. వాడు నా ఇల్లు గుంజుకోవాలని చూడటం లేదు. కోటలో తలుపులు వేసుకుని కూచున్నాడు. అది నాకు ఆ అరుగు మీద స్పష్టంగా కనబడింది.

నేను ముందునించీ రెండే దారులనుకుంటూ వచ్చాను. ఇల్లు ఇవ్వటం, ఇవ్వకపోవటం. మాసాహెబా ఆ రెండూ చెయ్యలేదు. ఏది వదిలితే ఏది నిలుస్తుందో చూసుకుంది.

"ఇల్లు అమ్మను" అన్నాను. "చవిటిపొలం రెండెకరాలు అమ్ముదాం. రొయ్యల గుంటలకి కౌలుకి తీసుకున్నవాళ్ళే రెండేళ్ళుగా అడుగుతున్నారు. నీ లోటు చాలావరకు పూడుతుంది."

వాడు ఉలిక్కిపడ్డాడు. "ఆ కౌలు డబ్బులతోనే గదమ్మా మీ మందులూ, పై ఖర్చులూ! నాన్న పెన్షను తిండికే సరిపోతుంది. అది పోతే మీరేం చేస్తారు?"

"నువ్వు పంపిస్తావు."

అంతే అన్నాను. వాడు కాసేపు మాట్లాడలేదు. గోరీల మీద వాలుతున్న చిలకల్ని చూస్తూ కూచున్నాడు. నేనూ చూస్తూ కూచున్నాను. డెబ్భై ఏళ్ళ వయసులో చేతిలో ఉన్న కౌలు కాగితం వదిలేసి కొడుకు మాట పట్టుకోవటం చిన్న సంగతి కాదు. ఆ ఇంట్లో జంషీదూ పుట్టాడు, అబ్దుల్లా కూడా పుట్టాడు. ఎవడు ఏమవుతాడో ముందే తెలిసిన తల్లి ఎవరూ ఉండరు. తెలియకుండానే కోట దిగాలి.

"ఇంకొక షరతు" అన్నాను. "వేసవి సెలవులకి మీ ముగ్గురూ పదిరోజులు రావాలి. మీ నాన్న పూయించిన సిమెంటు గీకించి సున్నం పెట్టించాలి. ఆ పని నువ్వు దగ్గిరుండి చూడాలి."

"పోయేటందుకే ఉన్నదమ్మా సున్నం" అన్నాడు వాడు, మేస్త్రి గొంతుతో. అప్పుడు నవ్వాడు. "నేను పోయించాక, ఆ తరవాతో?"

"ఆ తరవాత నీ ఇష్టం. నేను పాదుషాని కాను, పోయాక జరగవలసినవి ఇప్పుడే కట్టించుకోవటానికి."

మా వారు తిరిగివచ్చి సంగతి విని, "ఒక మాట నన్ను అడగవద్దూ!" అన్నారు. "సిమెంటు పూయించేటప్పుడు మీరు నన్ను అడిగారా?" అన్నాను. రాజీ అక్కడితో ముగిసింది.

పొలం అమ్మేశాం. ఫ్లాటు రిజిస్టరయింది. మే నెలలో వాళ్ళు వచ్చారు. సున్నం పని తెలిసిన మేస్త్రిని వెదికి పట్టుకోవటానికే నాలుగురోజులు పట్టింది; దొరికినవాడు నెల్లూరులో పాత గుడి పని చేసినవాడు. గీకితే లోపల ఇటుక కొన్నిచోట్ల పిండిలా రాలింది. అవి తీసి కొత్త ఇటుక పెట్టాక పూత పూశారు. మనవరాలు బెల్లపు నీళ్ళు కలిపే పనిలో ఉండి, కలిపినంత తిన్నది. మొదటినెలనించీ అబ్బాయి పైకం పంపుతున్నాడు. ఒకనెల ఆలస్యమైంది. నేను అడగలేదు, వాడే ఫోను చేసి చెప్పాడు.

ఈ ఇల్లు శాశ్వతంగా ఉంటుందని నేను అనుకోవటం లేదు. సముద్రం రెండు మైళ్ళలో ఉంది, తుఫానులున్నాయి, ఉప్పుగాలి ఉంది. నా తరవాత వాడికి ఇక్కడికి వచ్చే తీరిక ఉంటుందో లేదో! కోడలు అడిగిన ప్రశ్న అలాగే ఉంది. ఎప్పుడో పోయేదానికి ఇంత ఖర్చెందుకు?

మాసాహెబా కోటిరూపాయలు ఇచ్చి రాజ్యాన్ని శాశ్వతంగా కొనలేదు. గడువు కొన్నది. ఆ గడువులో ఒక కొడుకు నిశ్చింతగా బతికాడు, ఒక గుడి లేచింది, ముత్యాల తలంబ్రాలు మొదలయ్యాయి. అవేవీ ఆవిడ చూడలేదు, ఆవిడకి తెలియవు కూడా. తల్లులు చెయ్యగలిగినది అంతవరకే ననుకుంటాను. శాశ్వతం మనచేతిలో లేదు గాని, ఒక పూత వెయ్యటం, ఒక మాట అడగటం, ఒక ముప్ఫై ఏళ్ళు నిలబెట్టటం మన చేతిలో ఉన్నాయి. ముప్ఫై ఏళ్ళంటే తక్కువా! మనవరాలికి పెళ్ళయి, దాని పిల్లలు ఆ గోడకి చెంపలు ఆనించి చూసేంత కాలం.